అడిగితేనే బయటికి వస్తాయి

తెలుగులో కట్టిపడేసే కొత్త ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్ నవలలు లేవని మీ పత్రికలో రాసిన వ్యాసకర్త మాటతో సగమే ఏకీభవిస్తాను. రాసేవారు తక్కువే, నిజం. కానీ వచ్చినవైనా మన కంటపడవు. ఏటా జనవరిలో జరిగే విజయవాడ పుస్తక మహోత్సవంలో చాలా స్టాళ్లలో వీటిని పిల్లల కథల్లో కలిపేస్తారు. అడగాలి, పట్టుబట్టి అడగాలి. అదే ఊళ్లోని ఏలూరు రోడ్డు పుస్తక దుకాణాల్లోనైనా, లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దగ్గరైనా అంతే.

ఈ చిన్నచూపు ఎంత అన్యాయం! దాసరి సుబ్రహ్మణ్యం 1954 నుంచి 'చందమామ'లో ఏళ్ల తరబడి మంత్రాలూ మాయలూ నిండిన జానపద సీరియళ్లు రాశారు. వాటి మీద ఆయన పేరే ఉండేది కాదు. అయినా తర్వాతి సంచిక కోసం ఇళ్లలో పెద్దలూ ఎదురుచూసేవారు.

కొత్త నవల ఎంచుకునేటప్పుడు వెనక అట్ట మీది పొగడ్తలు నమ్మకండి. మధ్యలో ఒక అధ్యాయం చదవండి. మంత్రానికైనా యంత్రానికైనా ఒక హద్దు, దాన్ని వాడినందుకు ఒక మూల్యం కనిపిస్తే కొనేయండి. కథానాయకుడు చిక్కుల్లో పడిన ప్రతిసారీ కొత్త శక్తి ఊడిపడుతుంటే నాకు ఆసక్తి చచ్చిపోతుంది.

వ్యాసకర్తకు ఒక విన్నపం: వచ్చే వారం ఈ మధ్య వచ్చిన తెలుగు నవలల పేర్లు, ప్రచురణకర్తల వివరాలతో సహా ఇవ్వండి.