ఓనరు గారి హెల్మెట్

కళ్లు కూడా తెరవని మూడు పిల్లికూనల్ని అట్టపెట్టెలో పట్టుకొచ్చి, "ఎనిమిది వారాలు నిండేదాకానే. ఆ తర్వాత ఎవరికైనా పెంచుకోవడానికి ఇచ్చేద్దాం" అన్నారు మా ఆయన. బెంగళూరు మారతహళ్లిలో మా అద్దె అగ్రిమెంటులో జంతువుల్ని పెంచకూడదని రాసి ఉంది. "పెంచట్లేదుగా, ఫోస్టరింగేగా" అని లా పాయింటు లాగారు.

వాటికి ఆవుపాలు పడవు, విరేచనాలు పట్టుకుంటాయి. వేరే పాలపొడి ఉంటుంది. "పిల్లికి పాలు పడకపోవడమేమిటే, కలికాలం!" అని అత్తయ్య రోజంతా గొణిగారు. రెండు మూడు గంటలకోసారి బోర్లా ఉంచి పట్టాలి. వెల్లకిలా పడుకోబెడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తాగాక గోరువెచ్చని తడిదూదితో వెనక తుడిస్తే గానీ ఒంటికీ రెంటికీ పోవు. తల్లయితే నాకుతుంది. సొంత కొడుకు డైపరు ఒక్కటీ మార్చని మనిషి అర్ధరాత్రి లేచి దూది తడుపుతుంటే నేనేమీ అనలేదు. వీడియో తీసి మా ఆడపడుచుకు పంపాను, అంతే. రోజుకు 10-15 గ్రాములు పెరగాలని తూకం కూడా, నేను కేకులకు పిండి తూచే కాటా మీదే!

కళ్లు తెరిచి, కాళ్లొచ్చి, పెట్టె దూకడం మొదలెట్టాయి. సరిగ్గా అప్పుడే బాత్రూం లీకేజీ చూస్తానంటూ ఓనరు గారు ఊడిపడ్డారు. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు. మాది టూ బీహెచ్‌కే, అన్ని ఇళ్లు ఎక్కణ్నుంచి తేను? ఆయన బాత్రూంలో ఉంటే పెట్టె వంటింట్లోకి, ఆయన వంటింటి కుళాయి చూస్తానంటే బాల్కనీలోకి. మ్యావ్ మన్నప్పుడల్లా అత్తయ్య గట్టిగా దగ్గుతున్నారు. "పెద్దామెను డాక్టరుకు చూపించండమ్మా" అని ఆయన జాలిపడ్డారు కూడా.

బాల్కనీలో పెట్టె తెరిచి చూస్తే రెండే ఉన్నాయి. మూడోది సోఫా పక్కన నేలమీద పెట్టిన ఓనరు గారి హెల్మెట్లో దూరి ముడుచుకుంది. మేం నోరు తెరిచేలోపే ఆయన దాన్నెత్తి తలమీద బోర్లించుకోబోయారు. కూన జారి ఆయన కాలరు పట్టుకు వేలాడింది. హెల్మెట్ లోపలి మెత్త నుంచి రెండు చుక్కలు ఆయన నుదుటి మీద రాలాయి.

"ఏయ్! దూది లేకుండానే పోసిందే!" అని మా ఆయన చప్పట్లు కొట్టారు.

ఓనరు గారు జేబురుమాలు తీసి నుదురు తుడుచుకున్నారు. "హెల్మెట్ డబ్బులు అడ్వాన్సులో పట్టుకుంటానమ్మా" అన్నారు.

అత్తయ్య ఇంకా దగ్గుతూనే ఉన్నారు.