పులుపు చావని వాళ్లం

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు పెద్దలు. వాళ్ల కాలంలో క్రాఫ్ట్ బీర్ లేదు కాబట్టి అంతటితో ఊరుకున్నారు. ఉండుంటే, జిహ్వకో రుచి, ఆ రుచికో ఉపన్యాసం అని పూర్తి చేసేవాళ్లు.

నేను సోర్ బీర్, అంటే పుల్లటి బీరు మనిషిని. ఎవరూ అడక్కముందే ఈ సంగతి చెప్పడం మా వర్గంలో మర్యాద. మిగతా వర్గాల మీద నాకు ద్వేషం లేదు, కాస్త జాలి తప్ప. ఐపీఏ అనే చేదు బీరు వాళ్లు చేదును ఐబీయూలనే కొలతలో కొలుచుకుని, పరీక్షలో మార్కులు చెప్పుకున్నట్టు చెప్పుకుంటారు. 70 దాటితే ఇక వాళ్లను పట్టలేం. మాకు పీహెచ్ ఉంది, అది ఎంత తగ్గితే అంత పులుపు. మామూలు బీరు 4 పైన ఉంటే, మాది 3.3 దగ్గర ఉంటుంది. తక్కువ మార్కులొచ్చినా గర్వపడగలిగే వర్గం మాదొక్కటే. నల్లటి స్టౌట్ బీరు వాళ్లు గ్లాసులో ఏముందో కనపడకుండా తాగుతారు, అది వాళ్ల ధైర్యం. ఎక్కడైనా దొరికే లాగర్ బీరు వాళ్లయితే దాహం వేసినప్పుడు తాగుతారట. బీరును ఇంతకంటే అవమానించడం ఎవరి వల్లా కాదు.

నా మొదటి సోర్ బెర్లినర్ వైస్ అనే జర్మన్ రకం. లేత గడ్డిరంగు, కొంచెం మసక, ఆల్కహాల్ 3 శాతం చిల్లర. చూడ్డానికి అమాయకంగా ఉంది. ఒక్క గుక్క తాగగానే కుడికన్ను దానంతటదే మూసుకుంది. చెవుల కింద, దవడ మూలల్లో, ఎవరో తీగ బిగించి వదిలినట్టయింది. పళ్లు పులిశాయి. "ఎలా ఉంది?" అన్నాడు ఎదురుగా కూర్చున్నతను. చెడిపోయింది అనబోయాను. బల్ల చుట్టూ నలుగురూ కళ్లు మూసుకుని తలలూపుతున్నారు. "కాంప్లెక్స్‌గా ఉంది" అన్నాను. ఆ మాటతో నాకు సభ్యత్వం ఖాయమైపోయింది. మూడో గ్లాసు దగ్గర నిజంగానే నచ్చడం మొదలైంది గానీ, ఆ సంగతి అప్పటికి ఎవరికీ అవసరం లేదు. అందని ద్రాక్ష పుల్లన అంటారు. నాకు మాత్రం అందింది కూడా పుల్లగానే ఉంది, అదే నచ్చింది.

చెడిపోవడానికీ పులవడానికీ తేడా ఏమిటని అమాయకులు అడుగుతుంటారు. తేడా ఉద్దేశంలో ఉంది. 1876లో లూయీ పాశ్చర్ బీరుకొచ్చే జబ్బుల మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. పులుపు పుట్టించే సూక్ష్మజీవులకు, పోలీసులు దొంగల ఫొటోలు అంటించినట్టు, మైక్రోస్కోప్‌లో చూసి బొమ్మలు వేయించాడు. 1883లో డెన్మార్క్ బ్రూవరీ అయిన కార్ల్స్‌బర్గ్‌లో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే ఒక్క కణం నుంచి శుద్ధమైన ఈస్ట్‌ను పెంచి, బీరును మడి కట్టించాడు. పీడ వదిలిందనుకున్నారు. 1904లో అదే కార్ల్స్‌బర్గ్ గూటి నుంచి క్లాసెన్ అనే ఆయన లేచి, ఇంగ్లండ్ వాళ్ల నిల్వ బీరుకు ఆ ప్రత్యేకమైన రుచి తెచ్చేది ఇంకో రకం ఈస్ట్ అని తేల్చాడు. దానికి బ్రెట్టనోమైసిస్ అని పేరు పెట్టాడు. తెలుగులో చెప్పాలంటే బ్రిటిష్ బూజు. మేం ముద్దుగా బ్రెట్ అంటాం. చింత చచ్చినా పులుపు చావలేదు.

బ్రస్సెల్స్ చుట్టుపక్కల లాంబిక్ అనే పుల్లటి బీరు కాచేవాళ్లు మాత్రం ఈ శాస్త్రజ్ఞులెవరినీ ఖాతరు చెయ్యలేదు. చలి రాత్రుల్లో ఇంకా పులియని బీరు కషాయమైన వేడి వోర్ట్‌ను లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న పెద్ద తొట్టిలో పోసి, చల్లగాలి తగిలేలా వదిలేస్తారు. గాల్లో ఏ ఈస్ట్ పోతుంటే అది దిగొచ్చు. ఏ బాక్టీరియాకీ నో ఎంట్రీ బోర్డు లేదు. ఆ తర్వాత చెక్కపీపాల్లో ఏళ్లకేళ్లు ఉంచుతారు. ఏడాదిదీ, రెండేళ్లదీ, మూడేళ్లదీ కలిపి సీసాల్లో పోస్తే గ్యూజ్. ఐపీఏ వాళ్లు ప్రాణం పెట్టే, బీరుకు చేదిచ్చే పువ్వులైన హాప్స్‌ను వీళ్లు మాగబెట్టి మాగబెట్టి, చేదూ సువాసనా చాలావరకు పోయాక గానీ వాడరు. ఈ ముక్క చెప్పినప్పుడు ఐపీఏ మిత్రుడి మొహం చూడాలి. 1900లో మొదలైన కాంటియాన్ బ్రూవరీలోనైతే ఆ బూజుతో పాటు ఈ బూజు కూడా దులపరు. పురుగుల సంగతి సాలీళ్లు చూసుకుంటాయని వాళ్ల నమ్మకం. ఇంట్లో నేనూ ఇదే సూత్రం పాటిస్తే దానికి బద్ధకం అని పేరు పెట్టారు.

మాలో మాకూ శాఖాభేదాలున్నాయి. కెటిల్ సోర్ అని ఒకటుంది. కాచే పాత్రలోనే పులిపించే బాక్టీరియా లాక్టోబాసిల్లస్‌ను వదిలి, ఒకట్రెండు రోజుల్లో పులిపించి, మరిగించి పని కానిచ్చేస్తారు. మూడేళ్లు ఆగినవాళ్ల దృష్టిలో ఇది కాపీ కొట్టి పాసవడం. నేనూ దీన్ని నలుగురిలో గట్టిగా ఖండిస్తాను. నా ఫ్రిజ్‌లో ఉన్నవన్నీ అవే.

అసలు చిక్కు వాసనతో వచ్చింది. బ్రెట్ బాగా పండిన బీరును 'గుర్రపు దుప్పటి'లా ఉందనడం మా ఆనవాయితీ. తిట్టు కాదు, మెప్పు. ఐదేళ్లుగా ముక్కు గ్లాసులో పెట్టి, కళ్లు అరమోడ్చి, ఈ మాట అంటూనే ఉన్నాను. మొన్న లాగర్ మిత్రుడు తాగుతూ తాగుతూ ఆగి, "ఒరేయ్, నువ్వు ఎప్పుడైనా గుర్రం దుప్పటి వాసన చూశావా?" అన్నాడు. ఇలాంటి ప్రశ్నలు దాహం తీరినవాళ్లకే వస్తాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

శాస్త్రీయ దృక్పథం ఉన్నవాణ్ణి కాబట్టి, ఆదివారం పొద్దున్నే ఒక గుర్రపుశాలకు వెళ్లాను. గుర్రాల్ని చూసుకునే పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, దండెం మీద దుప్పటి తీసి చేతికిచ్చాడు. గరుగ్గా, బరువుగా ఉంది, అంచున రెండు గోధుమరంగు వెంట్రుకలు. ముక్కుకి ఆనించుకుని గుండెనిండా పీల్చాను. కట్టుకొయ్య దగ్గర గుర్రం నమలడం ఆపి నావైపు తిరిగింది.

సబ్బు వాసన.

"నిన్ననే ఉతికాం బాబూ" అన్నాడు పెద్దాయన.

దుప్పటి మడిచి ఆయన చేతిలో పెట్టాను. "బ్రెట్ తక్కువైంది" అన్నాను.