మధ్యవర్తి తీర్పు చెప్పరు, అదే మేలు

గొడవపడ్డవాళ్ల మధ్య రాజీ కుదిర్చే మధ్యవర్తి దగ్గరికి వెళ్లడమంటే ఓటమి ఒప్పుకోవడమేనని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. ఇంటి వాటా గొడవలో అన్నయ్యా నేనూ రెండేళ్లు మాట్లాడుకోలేదు. మధ్యవర్తి మొదట మమ్మల్ని వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి విన్నారు. మేం సరేనంటే తప్ప ఒకరి మాట ఇంకొకరికి చేరవేయలేదు. అప్పుడు అసలు సంగతి బయటపడింది. అమ్మను చివరి రోజుల్లో చూసుకున్నది తనేనని నా నోటితో ఒక్కసారి వినాలన్నదే అన్నయ్య బాధ. ఆ మాట ఏ జడ్జి ఆర్డర్‌లో రాస్తారు? కుదరకపోతే కోర్టు ఎలాగూ ఉంది, కేసు వేసే గడువు దాటకుండా మాత్రం చూసుకోవాలి. కొట్టే మనిషితో రాజీకి కూర్చోమని ఎవర్నీ బలవంతపెట్టకూడదు, అది వేరే సంగతి. సంతకం పెట్టే ముందు ఒప్పందం కాగితాన్ని మీ లాయర్‌కి చూపించండి.