పిల్లల చేతికి స్కేలు ఇవ్వవద్దని మనవి

నగరంలో ట్రాఫిక్ గురించి, మూసీ కంపు గురించి, నీళ్ల ట్యాంకర్ల రేట్ల గురించి ఆవేదన చెందే పెద్దమనుషులకు కొదవ లేదు. అయినా ప్రతి ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద గుట్టలుగా పోసి, పుస్తక ప్రదర్శన స్టాళ్లలో సరిగ్గా పిల్లల చేతికందే ఎత్తులో పేర్చి, బాహాటంగా అమ్ముతున్న ఒక రకం సాహిత్యం గురించి ఇంతవరకు ఎవరూ నోరు మెదపకపోవడం మన పౌర చైతన్యానికే మాయని మచ్చ. నేను చెప్పేది కనికట్టు బొమ్మల పుస్తకాల సంగతి. ఒక పేజీలో సమాంతరంగా ఉన్న గీతలు ఒకదాని మీదికి ఒకటి ఒరిగినట్టు కనిపిస్తాయి. మరో పేజీలో ఎంత ఎక్కినా మొదటి మెట్టు దగ్గరికే తెచ్చే మెట్లుంటాయి. ఇంకో పేజీలో పూలకుండీ అనుకున్నది కాస్తా ఎదురెదురుగా ఉన్న రెండు ముఖాలైపోతుంది. తల్లిదండ్రులు వీటిని మెదడుకు మేత అన్న భ్రమలో కొని తెస్తున్నారు. ఈ ఒక్క భ్రమ మాత్రం ఆ పుస్తకాల్లో ఎక్కడా అచ్చు కాలేదు.

ఈ బొమ్మలు పిల్లల కళ్లను మోసం చేస్తాయన్నది నా అభ్యంతరం కాదు. కళ్లను మోసం చేయడం మన నగరంలో ఎప్పటి నుంచో గౌరవప్రదమైన విద్య. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒకే చెక్క మొద్దుకు ముందువైపు మెఫిస్టోఫిలిస్‌ను, వెనకవైపు మార్గరెటాను చెక్కిన శిల్పం ఉంది. ఎదురుగా నిలబడితే తలెత్తుకున్న సైతాను, వెనక పెట్టిన అద్దంలో తలవంచుకున్న పడుచుపిల్ల. అదే మ్యూజియంలో ఇటలీ శిల్పి బెంజోనీ మలిచిన రెబెకా ముఖం మీది ముసుగు పాలరాయి అని తెలిసి కూడా జనం దాన్ని తడిబట్ట అనే నమ్ముతూ నోరు తెరుచుకుని నిలబడతారు. మొదటి సాలార్‌జంగ్ ఆ శిల్పాన్ని 1876లో రోమ్‌లో కొన్నారు. అక్కడ ఎవరూ ఎవరికీ స్కేలు ఇవ్వరు. మోసపోతాం, సంతోషిస్తాం, బయటికి వచ్చి ఇరానీ చాయ్ తాగుతాం. సభ్యత గల మోసం అంటే అది.

పుస్తకాల తీరు అలా లేదు. బొమ్మ కింద ఒక వాక్యం ఉంటుంది: నమ్మకం కుదరకపోతే స్కేలు పెట్టి కొలిచి చూడు అని. ముప్పంతా ఆ వాక్యంలోనే పొంచి ఉంది. జర్మనీకి చెందిన ఫ్రాంజ్ కార్ల్ ముల్లర్-లయర్ 1889లో ప్రచురించిన బొమ్మనే తీసుకోండి. ఒకే పొడవున్న రెండు గీతలు. ఒకదాని రెండు కొసలకూ బాణం ములుకులు లోపలికి మడిచి ఉంటాయి, రెండోదానికి బయటికి విప్పి ఉంటాయి. విప్పిన గీతే పొడవుగా కనిపిస్తుంది. పాప జామెట్రీ బాక్సులోంచి స్కేలు తీసి, రెండూ సమానమేనని తేలుస్తుంది. అంతటితో ఆగితే బాగుండును. కన్ను ఒకటి చెప్పింది, కొలత మరొకటి చెప్పింది అని ఒకసారి రుచి మరిగిన పిల్ల ఆ తర్వాత ప్రతిదానికీ స్కేలు తీస్తుంది. దీన్ని కుతూహలం అని టీచర్లు మెచ్చుకుంటున్నారు కూడా. ఇలాంటి పిల్లలు ఒక తరం మొత్తం ఎదిగి వస్తే నగర శివార్లలో కోట్ల మీద నడుస్తున్న నిర్మాణ రంగం గతి ఏమిటో ఆ టీచర్లు ఆలోచించారా?

కోకాపేట వైపు ఒక సైట్ ఆఫీసులో జరిగినదిగా చెప్పుకుంటున్న సంఘటన విన్నాక నాకు నిద్ర కరువైంది. మోడల్ ఫ్లాట్ చూడటానికి అమ్మానాన్నల వెంట వచ్చిన మూడో తరగతి పాప పడకగదిలోని మంచం మీద వాలి, కాళ్లు చాపి, "డాడీ, ఈ మంచం మన మంచం కన్నా పొట్టిగా ఉంది" అని ప్రకటించింది. చుట్టూ పెద్ద చుక్కలు పెడితే మధ్య చుక్క చిన్నదిగా, చుట్టూ చిన్న చుక్కలు పెడితే అదే చుక్క పెద్దదిగా కనిపించే ఎబింగ్‌హాస్ బొమ్మను ఆ పిల్ల అంతకుముందే చూసి ఉంది. సామాను చిన్నదైతే గది పెద్దదవుతుందని గ్రహించడానికి దానికి ఎంతోసేపు పట్టలేదు. సేల్స్ కుర్రవాడు సంస్కారవంతుడు కనుక, "పాప చాలా షార్ప్ మేడమ్" అని నవ్వి ఊరుకున్నాడు. పాప ఊరుకోలేదు. "అంకుల్, పదిహేడు వందల యాభై అడుగులు అన్నారు కదా, మిగతావి ఎక్కడున్నాయి?" అని అడిగింది. మిగతావి లిఫ్టులోనూ, మెట్ల మీదా, కారిడార్‌లోనూ, ఇంకా పునాది పడని క్లబ్‌హౌస్‌లోనూ తలా కొంచెం ఉన్నాయని ఎనిమిదేళ్ల పిల్లకు ఎలా వివరించాలి? బయటి గోడలు, బాల్కనీ పోను లోపల వాడుకోగలిగిన నేలే కార్పెట్ ఏరియా అని 2016 నాటి రెరా అనే స్థిరాస్తి నియంత్రణ చట్టం ఎలాగూ చెప్పేసింది. ఆ ఉమ్మడి చోట్లన్నీ కలిపి చూపే సూపర్ బిల్టప్ ఏరియా మాత్రం అచ్చంగా ముల్లర్-లయర్ గీత. గీత పెరగనక్కర్లేదు, కొసలు విప్పితే చాలు.

బాతు-కుందేలు బొమ్మ ఇంతకన్నా ప్రమాదకరం. 1892 అక్టోబరు 23న మ్యూనిక్‌లోని ఒక హాస్య పత్రికలో వెలువడిన ఆ బొమ్మలో ఎడమకు చూస్తే బాతు ముక్కు, కుడికి చూస్తే అదే ముక్కు కుందేలు చెవులు. విట్‌గెన్‌స్టైన్ అంతటి తత్వవేత్త దీని గురించి తల పట్టుకున్నాడు. రెండూ అక్కడే ఉన్నాయి, అయినా ఒక క్షణంలో ఒకటే కనిపిస్తుంది. మన అధికార యంత్రాంగాన్ని అకారణంగా నిందించేవారు ఈ శాస్త్రీయ సత్యాన్ని గమనించాలి. రిజిస్ట్రేషన్ నాడు అధికారులకు లేఔట్ కనిపించింది. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చి, ఎఫ్‌టీఎల్ హద్దుల మాట, అంటే చెరువు పూర్తిగా నిండితే నీరు నిలిచే హద్దుల మాట ఎత్తిన నాడు అదే చోట చెరువు కనిపించింది. ఇందులో ఎవరి దోషమూ లేదు, మానవ నేత్రం నిర్మాణమే అలాంటిది. ఈ సున్నితమైన వ్యవస్థ మధ్యలోకి, బొమ్మను అటూ ఇటూ తిప్పి "రెండూ ఉన్నాయి కదా" అని అరిచే పిల్లను పంపడం ఏ మాత్రం భావ్యం కాదు.

మసాచుసెట్స్‌లో ఎడ్వర్డ్ అడెల్సన్ 1995లో తయారుచేసిన చదరంగపు పలక బొమ్మ కూడా ఇప్పుడు పిల్లల పుస్తకాలకు ఎక్కింది. నీడలో ఉన్న తెల్ల గడి, వెలుగులో ఉన్న నల్ల గడి నిజానికి ఒకే బూడిద రంగు. అగ్రిమెంట్ నాడు తెలుపెంత, నలుపెంత అని పెద్దలు గొంతు తగ్గించి మాట్లాడుకునేటప్పుడు ఈ విద్య నేర్చిన పిల్లలు పక్క గదిలో ఉండడం మంచిది కాదని మాత్రం చెప్పి వదిలేస్తాను. ఆదివారం అనుబంధాల్లో 'ఈ రెండు బొమ్మల మధ్య తేడాలు కనిపెట్టండి' అని పెట్టే శీర్షికల జోలికీ వెళ్లను. బ్రోషర్‌లో పార్కు, స్థలంలో ప్లాట్లు అనేది ఆ శీర్షికకు మరీ తేలిక.

మయసభను గుర్తుచేసి నన్ను ఇరుకున పెట్టాలని చూసేవారు ఉన్నారు. స్ఫటికపు నేలను నీళ్లనుకుని బట్టలు పైకెత్తి, నీళ్లను నేల అనుకుని అందులో పడిన దుర్యోధనుడికి చిన్ననాట ఇలాంటి పుస్తకం ఒక్కటి కొనిచ్చి ఉంటే కురుక్షేత్రం తప్పేది కదా అని వారి వాదన. తప్పేదే. అప్పుడు నన్నయ సభాపర్వంలో ఏం రాసేవాడు? 1977లో ఎన్టీ రామారావు సుయోధనుడి వేషంలో మయసభలో ఏం చేసేవారు? లోపలికి రాగానే చేతికర్రతో నేల తడిమి చూసుకుని, పాండవులకు నమస్కారం పెట్టి, భోజనం చేసి వెళ్లిపోయే దుర్యోధనుణ్ణి తెలుగు జాతి దాదాపు నాలుగు గంటలు కూర్చుని చూసేదా? భూమి కోసం జరిగిన కథలన్నీ ఎవరో ఒకరి కన్ను మోసపోవడంతోనే రక్తి కడతాయి.

అయితే పరిస్థితి పూర్తిగా చేయి దాటలేదని చెప్పడానికి కొంత ఆధారం ఉంది. బ్రిటిష్ పరిశోధకుడు రివర్స్ గత శతాబ్దపు తొలి రోజుల్లో నీలగిరుల్లోని తోడా గిరిజనులకు ముల్లర్-లయర్ బొమ్మ చూపిస్తే, వారు ఇంగ్లీషువాళ్ల కన్నా తక్కువగా మోసపోయారు. నలుచదరపు గదుల మధ్య, గోడల మూలలు చూస్తూ పెరిగిన కళ్లే ఈ గీతలకు ఎక్కువగా లొంగుతాయని 1966లో మరికొందరు వాదించారు. ఆ వాదాన్ని ఒప్పుకోనివారూ ఉన్నారు గాని, నాకు అది ఎంతో ఊరటనిచ్చింది. ఎందుకంటే గచ్చిబౌలిలో, నార్సింగిలో ముప్పై, నలభై అంతస్తుల్లో పేర్చిన నలుచదరపు గదుల్లో ఇప్పుడు ఎదుగుతున్న పిల్లలు, ఆ సిద్ధాంతం ప్రకారం, వచ్చే పాతికేళ్లకు సరిపడా కొనుగోలుదారులు. పైగా ఈ బొమ్మలకు ఇంకో దొడ్డ గుణం ఉంది: కొలిచి, సమానమని రూఢి చేసుకున్నాక కూడా విప్పిన గీత పొడవుగానే కనిపిస్తుంది. బుద్ధి ఒప్పుకున్నదాన్ని కన్ను ఒప్పుకోదు. ఆ పాప తండ్రి గదులన్నీ టేపుతో కొలిపించి, ఫోనులో లెక్క వేసి, నిట్టూర్చి, బాల్కనీలోంచి ఇంకొక్కసారి బయటికి చూసి, అడ్వాన్సు చెక్కు రాసిచ్చాడట.

కాబట్టి నేను నిషేధం కోరడం లేదు. ఒక చిన్న సవరణ చాలు. ఈ పుస్తకాల్లో జవాబులను పేజీ అడుగున తలకిందులుగా అచ్చు వేస్తున్నారు. తలకిందులుగా ఉన్నది కనబడితే పిల్లలు పుస్తకం తిప్పి మరీ చదువుతారు. అలా కాకుండా బ్రోషర్లలో 'చిత్రాలు ఊహాత్మకం, మార్పులకు లోబడి ఉంటాయి' అని వేసిన పద్ధతిలో, నిటారుగా, లేత బూడిద రంగులో, ఆవగింజంత అక్షరాలతో వేస్తే, మా తరం అనుభవం మీద చెబుతున్నాను, ఎవరూ చదవరు.