అమ్మ యాస పెట్టిన పేరు

కాఫీ కప్పు మీద రాయడానికి పేరడిగితే నేను ‘శామ్’ అంటాను. సాంబశివరావు అని చెప్పి, ఒక్కో అక్షరం కూడబలికి, వెనక నిలబడ్డవాళ్లను విసిగించే ఓపిక ఎప్పుడో పోయింది. అందుకే గెడ్డీ లీ పేరు వెనక సంగతి తెలిసినప్పుడు కాస్త సిగ్గేసింది.

కెనడా రాక్ బృందం ‘రష్’కు గాయకుడు, మంద్రస్వరాలు పలికే బేస్ గిటార్ వాద్యకారుడు ఆయనే. 1953లో టొరంటోలో పుట్టినప్పుడు పెట్టిన పేరు గ్యారీ. తల్లిదండ్రులు పోలెండ్ యూదులు, నాజీ శిబిరాల నుంచి ప్రాణాలతో బయటపడి వచ్చినవారు. అమ్మ తన యాసలో ‘గ్యారీ’ అంటే స్నేహితులకు ‘గెడ్డీ’ అని వినిపించేది. ఆ పిలుపునే ఆయన తరవాత చట్టప్రకారం తన పేరుగా మార్చుకున్నాడు. మన పిల్లలు స్నేహితుల ముందు మన యాసను దాచుకుంటారని వాపోతాం. ముందు దాచుకున్నది మనం కాదూ?

గెడ్డీకి పన్నెండేళ్లప్పుడే తండ్రి పోయాడు. దుకాణం భారం తల్లి మీద పడింది. పిల్లవాడేమో బడి మధ్యలో మానేసి సంగీతంలో పడ్డాడు. ఆ తల్లి ఎంత కుమిలిపోయి ఉంటుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

పాడుతూ బేస్ వాయించడం తేలిక కాదు. మన కచేరీలో గాయకుడు వేసే తాళం పాటకు తోడుగా నడుస్తుంది. ఇక్కడ గొంతు ఒక నడక, వేళ్లు వేరొక నడక. బృందంలో ఉన్నది ముగ్గురే. నాలుగో మనిషిని తెచ్చుకోకుండా, గెడ్డీ నేల మీద పెడళ్లు పెట్టుకుని మంద్రస్వరాలను కాళ్లతో పలికించేవాడు. పాత వీడియోల్లో చూడండి: గొంతు తారస్థాయిలో ఉంటుంది, వేళ్లు తీగల మీద పరుగెడుతుంటాయి, కింద బూటు మరో స్వరాన్ని వెతుక్కుంటుంది. 1976లో రికార్డు కంపెనీ చిన్న పాటలు కావాలంటే, వీళ్లు ఇరవై నిమిషాల పాట చేసి ఇచ్చారు. అదే నిలబెట్టింది. 1974లో కుదిరిన ఆ ముగ్గురూ 2015 దాకా కలిసే వాయించారు.

కుమిలిపోయిన ఆ తల్లే తరవాత దుకాణం అద్దాలకు ‘రష్’ పోస్టర్లు అంటించి, కొనలేని పిల్లలకు రికార్డులు ఊరికే ఇచ్చేదట.

ఆ మధ్య ఒక ఉగాది వేడుకలో పిల్లల బృందం వాయించింది. వ్యాఖ్యాత అందరి పేర్లూ చదివి, బేస్ వాయించిన అబ్బాయిని మరిచిపోయారు. ఈసారైనా ఆ పేరు చదవండి, పూర్తిగా చదవండి. ఆ రోజు ముందు వరుసలో వాడి నాయనమ్మ చెవుల్లో దూది పెట్టుకుని మరీ చివరిదాకా కూర్చుంది.