సైన్స్ పాఠానికి నెట్‌లో ఏం వెతకాలి?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. విజయవాడ వాళ్లకి ఆ సామెత ఎవరూ వివరించక్కర్లేదు. అయితే ఆ రోజుల్లో భూమి సూర్యుడికి దగ్గరగా ఉంటుందా, దూరంగా ఉంటుందా అని హైస్కూలు పిల్లల్ని ఒకసారి అడిగి చూడండి. ఎక్కువమంది దగ్గరగానే అంటారు. నిజానికి భూమి సూర్యుడికి బాగా దగ్గరయ్యేది జనవరి మొదటి వారంలో. అప్పుడు దూరం సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. జూలై మొదటి వారానికి అది 15.2 కోట్లకు పెరుగుతుంది. అంటే సంక్రాంతి ముందు దుప్పటి కప్పుకొని పడుకునే రోజుల్లో మనం సూర్యుడికి దగ్గరగా ఉంటాం, రోళ్లు పగిలే రోజుల్లో దూరంగా జరుగుతుంటాం.

పిల్లలకి ఆ పొరపాటు ఎక్కణ్ణుంచి వచ్చింది? కొంత సొంత అనుభవమే. పొయ్యికి దగ్గరగా వెళ్తే వేడి తగులుతుంది కదా. మిగతాది మనం చూపించిన బొమ్మల నుంచి. గుంటూరు జిల్లాలో ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పే రోజుల్లో ఋతువుల గురించి చెప్పడానికి నెట్‌లో ఒక యానిమేషన్ పట్టుకున్నాను. చూడముచ్చటగా ఉంది. అందులో భూమి తిరిగే దారి కోడిగుడ్డులా సాగి ఉంది. పక్కనుంచి ఏటవాలుగా చూస్తున్నట్టు గీశారు కాబట్టి అలా సాగింది. అసలు కక్ష్యని కాగితం మీద కొలతల ప్రకారం గీస్తే కంటికి గుండ్రంగానే కనిపిస్తుంది. ఆ ముక్క వీడియో చెప్పలేదు, నాకూ తట్టలేదు. మర్నాడు స్లిప్ టెస్టులో 'ఎండాకాలంలో భూమి సూర్యుడికి దగ్గరకొస్తుంది' అని రాసిన కాగితాలు వరసగా దిద్దుకున్నాను. తప్పు వీడియోది అనుకుంటే తేలిగ్గా పోయేది. కానీ దాన్ని ఎంచుకున్నది నేను.

సైన్స్ టీచర్లకు ఇవాళ సరుకు కొరత లేదు. కేంద్రం 2017లో దీక్ష అనే ఆన్‌లైన్ పాఠాల వేదికను తెచ్చింది. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు వస్తాయి. మన రాష్ట్రంలో చాలా ప్రభుత్వ బడుల్లో గోడకి ఇంటరాక్టివ్ ప్యానెళ్లు బిగించారు. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లల చేతికి ట్యాబ్‌లు వచ్చాయి. ఇక టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో వచ్చిపడే లింకుల సంగతి చెప్పక్కర్లేదు. తెల్లారేసరికి ఫోన్ స్టోరేజీ నిండిపోతుంది. కరువంతా ఆ కుప్పలో నా క్లాసుకి పనికొచ్చేదేదో తేల్చుకునే తీరికకే.

నా అభిప్రాయంలో చాలామందిమి వెతకడం మొదలుపెట్టే చోటే తప్పు చేస్తున్నాం. పాఠం పేరు కొట్టి వెతుకుతాం. 'విద్యుత్ ప్రవాహం' అని కొడితే వచ్చేవి చాలావరకు డీఎస్సీ బిట్లు, గ్రూప్స్ కోచింగ్ క్లాసులు, పదో తరగతి ముఖ్యమైన ప్రశ్నలు. అవి పరీక్ష రాసేవాళ్లకి. ఏడో తరగతిలో మొదటిసారి బల్బు వెలిగించబోయే పిల్లకి కాదు. అదే 'ఒక బల్బు తీసేస్తే రెండోది ఎందుకు ఆరిపోయింది' అన్న అనుమానాన్ని పట్టుకుని వెతికితే దొరికేవి వేరు. పిల్లలు ఎక్కడ తడబడతారో టీచరుకి తెలుసు, సెర్చ్ ఇంజన్‌కి తెలియదు.

భాషది ఇంకో చిక్కు. ఫిజిక్స్‌లో బలం వేరు, శక్తి వేరు, సామర్థ్యం వేరు. ఒకటి న్యూటన్లలో, ఒకటి జౌళ్లలో, ఒకటి వాట్లలో కొలుస్తాం. మెషీన్ అనువాదంతో తెలుగు చేసిన వీడియోల్లో ఈ మూడింటికీ 'శక్తి' అనే మాటే పడుతుంటుంది. వాట్లలో కొలిచేదీ శక్తే, జౌళ్లలో కొలిచేదీ శక్తే అంటే పిల్లాడు ఏం కావాలి? దీనికి మందు మన పుస్తకాల్లోనే ఉంది. రాష్ట్ర పాఠ్యపుస్తకాలు ఇప్పుడు ద్విభాషా పుస్తకాలు. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. ఎదురు పేజీలోని ఇంగ్లిష్ పదంతో వెతకండి, వీడియో మ్యూట్‌లో పెట్టండి, మాట మీరు తెలుగులో చెప్పండి. సినిమాకి డబ్బింగ్ చెప్పినట్టుంటుందని ఒక మేడం నవ్వారు గానీ, పిల్లలకి ఎప్పుడూ వినే గొంతు, పుస్తకంలో ఉన్న పదం రెండూ దక్కుతాయి.

వీడియోల కన్నా నేను ఎక్కువ విలువిచ్చేది పిల్లలు వేలు పెట్టగలిగిన వాటికి. కొలరాడో విశ్వవిద్యాలయంలో ఫెట్ అనే సిమ్యులేషన్ల, అంటే తెర మీద చేసి చూసే ప్రయోగాల, ప్రాజెక్టు ఉంది. 2001లో భౌతికశాస్త్ర నోబెల్ పంచుకున్న కార్ల్ వీమన్ దాన్ని 2002లో మొదలుపెట్టారు. ఉచితం, కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే చాలావాటికి నెట్ అక్కర్లేదు. నెట్ ఉందో లేదో తెలియని బడికి ఇదే పెద్ద వరం. అందులో సర్క్యూట్ల సిమ్యులేషన్ తెరిచి పిల్లలకి వదిలేస్తే మొదట చేసే పని సెల్ మీద సెల్ పేర్చి బ్యాటరీకి మంటలు పుట్టించడం. పుట్టించనివ్వండి. ఎన్ని సెల్స్‌కి బల్బు కాంతి ఎంత పెరిగిందో ఆ అల్లరిలోనే చూస్తారు.

దానికీ ఒక లోపం ఉంది. తెర మీద వైరు లూజవ్వదు, హోల్డరు తుప్పు పట్టదు, బల్బు మాడి ఉండదు. సిమ్యులేషన్‌లో సర్క్యూట్ ఇట్టే కట్టేసిన పిల్లాడు టార్చి బల్బు చేతికిచ్చేసరికి అది వెలక్కపోతే సైన్సే తప్పనుకుంటాడు. ఎక్కడ కనెక్షన్ పోయిందో వెతకడం కూడా పాఠమే. తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా ప్రయోగాలున్న ఓల్యాబ్స్ అనే ఆన్‌లైన్ ల్యాబ్‌కీ ఈ మాట వర్తిస్తుంది. అమృత విశ్వవిద్యాపీఠం, కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్ కలిసి చేసిన మంచి పని అది. ప్రయోగానికి ముందు రిహార్సల్‌గా దానికి సాటి లేదు. ల్యాబ్ గదికి తాళం వేసి దీన్ని చూపించి 'ప్రాక్టికల్ అయిపోయింది' అని రిజిస్టర్‌లో రాసుకోవడానికి మాత్రం కాదు.

ఇక్కడ అరవింద్ గుప్తా గుర్తొస్తారు. ఐఐటీ కాన్పూర్‌లో చదివి, చెత్తబుట్టలోకి పోయే సామానుతో సైన్స్ బొమ్మలు చేయడానికి జీవితం ఇచ్చిన మనిషి. 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆయన వెబ్‌సైట్‌లో బొమ్మలు చేసే పద్ధతులు, వీడియోలు ఉచితంగా దొరుకుతాయి. ఒక సెల్, రెండు పిన్నీసులు, ఒక రబ్బరు బ్యాండు, కాస్త రాగితీగ, ఒక అయస్కాంతం ఉంటే ఎలక్ట్రిక్ మోటార్ తయారు. రాగితీగకి మోటార్ వైండింగ్ షాపుకి వెళ్లి బడి పిల్లలకని అడగండి, మిగులు ముక్కలు చేతిలో పెడతారు. డబ్బులు తీసుకున్నవాళ్లు నాకింతవరకు తగల్లేదు.

వీడియో చూసి చేసిన మోటార్ మొదటిసారి తిరగదు. తీగ మీద ఎనామిల్ పూత ఉంటుంది. చుట్టకి ఒక కొసన పూత మొత్తం గీకాలి, రెండో కొసన ఒక పక్క సగమే గీకాలి. ఆ సగం వల్లే ప్రతి చుట్టులో సగం సేపు కరెంటు ఆగుతుంది. రెండు కొసలూ పూర్తిగా గీకితే సగం చుట్టు ముందుకి తోసిన బలమే మిగతా సగంలో వెనక్కి లాగుతుంది, చుట్ట ఊగి ఆగిపోతుంది. పిల్లలు రెండు వైపులా శుభ్రంగా గీకేస్తారు, శుభ్రంగా చేయమని రోజూ చెప్పేది మనమే కదా. తిరగని ఆ మోటార్ దగ్గర పుట్టే ప్రశ్న ఏ ప్యానెల్ మీదా పుట్టదు. అందుకే ఏ లింకైనా క్లాసుకి తెచ్చేముందు టీచరు ఇంట్లో ఒకసారి చేసి చూడాలి. ఆ గంట ఎవరి లెక్కలోనూ లేదు. పాఠాల ప్లాను, ఎఫ్ఏ (ఏడాది మధ్యలో పెట్టే ఫార్మేటివ్ పరీక్షల) మార్కుల ఎంట్రీ, ఫొటోల అప్‌లోడ్ అన్నిటికీ గడువులున్నాయి, వెతకడానికి టైమ్ లేదు. చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఒక గంట తీసి, ఒక్కో సైన్స్ టీచరు తాను వాడిన ఒక్క లింకు, అందులో పిల్లలు ఎక్కడ బోల్తా పడ్డారో చెబితే చాలు. ఫార్వర్డ్ చేసిన నూరు లింకుల కన్నా అది మేలు.

మళ్లీ ఋతువుల దగ్గరికి వస్తాను, ఆ స్లిప్ టెస్టు బాకీ ఉంది కాబట్టి. ఋతువులు మారేది దూరం వల్ల కాదు. భూమి ఒక పక్కకి వాలి తిరుగుతుంది కాబట్టి మధ్యాహ్నం సూర్యుడు ఎంత నిటారుగా పైకొస్తాడన్నది ఏడాది పొడుగునా మారుతుంది, అందువల్ల. దాన్ని పిల్లలకి కర్ర నీడతో చూపించొచ్చు. విజయవాడ, గుంటూరు భూమధ్యరేఖకి ఉత్తరాన దాదాపు పదహారున్నర డిగ్రీల దగ్గర ఉన్నాయి. ఏడాదిలో రెండుసార్లు సూర్యుడు సరిగ్గా మన నడినెత్తి మీదికి వస్తాడు, నిలబెట్టిన కర్రకి నీడ ఉండదు. మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరోసారి. మే నెలలో సెలవులు కాబట్టి బడికి దక్కేది ఆగస్టుదే. మీ ఊరికి ఏ తేదీనో ఆస్ట్రనామికల్ సొసైటీ ఆఫ్ ఇండియా వాళ్ల 'జీరో షాడో డే' పేజీలో చూసుకోవచ్చు. నెట్ పని అంతటితో అయిపోయింది. మిగతాది బడి ఆవరణలో.

గడియారం పన్నెండు కొట్టగానే చూస్తే మాత్రం నీడ ఇంకా కాస్త ఉంటుంది. మన గడియారం కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ప్రకారం నడుస్తుంది. విజయవాడ దానికి పడమటన ఉంది. దానికి తోడు ఆగస్టు మొదట్లో సూర్యుడు గడియారం కన్నా ఆరు నిమిషాలు వెనకబడతాడు. అన్నీ కలిపితే నీడ మాయమయ్యేది పన్నెండూ పదమూడు నిమిషాల ప్రాంతంలో. భోజనం గంట కాస్త వెనక్కి జరపమని హెచ్‌ఎం గారిని ముందే అడిగి పెట్టుకోవాలి. ఆగస్టు కాబట్టి ఆ రోజు మబ్బు పట్టొచ్చు. పట్టినా ఫర్వాలేదు. రెండు మూడు రోజులు ముందూ వెనకా కూడా మీటరు కర్రకి నీడ ఒకటిన్నర సెంటీమీటరు దాటదు. కాకపోతే ముందు రోజుల్లో అది దక్షిణం వైపు పడుతుంది, తర్వాత రోజుల్లో ఉత్తరం వైపు. ఎందుకు వైపు మారిందని పిల్లలు అడుగుతారు. వెంటనే జవాబు చెప్పేయకండి.