సవరణ: న్యూ క్రాస్ దాడిలో సైరన్ మోగలేదు

లండన్ న్యూ క్రాస్ రోడ్డు మీద 1944 నవంబరు 25న జరిగిన దాడి గురించి రాస్తూ, సైరన్ మోగినా జనం వూల్‌వర్త్స్ దుకాణం వదిలి వెళ్లలేదని అన్నాను. అది తప్పు. సైరనే మోగలేదు. పడింది విమానం వేసిన బాంబు కాదు, జర్మనీ వీ-2 రాకెట్. శబ్దం కన్నా వేగంగా వచ్చేది కాబట్టి, అది దూసుకొచ్చిన చప్పుడు పేలుడు తర్వాతే వినిపించేది. వీ-2ల మీద వచ్చిన చరిత్ర పుస్తకాల్లో ఈ సంగతి స్పష్టంగా ఉంది.

శనివారం మధ్యాహ్నం, దుకాణం కిటకిటలాడుతున్న వేళ. 168 మంది చనిపోయారు. హెచ్చరికను పట్టించుకోలేదన్న నింద వాళ్ల మీద ఉండకూడదు. ఆ పోస్టును ఎవరైనా షేర్ చేసి ఉంటే దయచేసి తీసేయండి. శిథిలాలు తొలగించడానికి సహాయక బృందాలకు రోజులు పట్టిందన్న భాగం మాత్రం సరైనదే.